గబ్బిలముల సంతానము



రెక్కలు గలిగి యెగురుచున్నను గబ్బిలము పక్షి కాదు. అది పిల్లను గని పాలిచ్చి పెంచును. ఱొమ్మున రెండు చన్నులుండుట మొదలగు లక్షణములనుబట్టి స్వీడను దేశపు లినీయసు పండితుడు 1758లో దానిని మనుష్యులును కోతులును గల వర్గమునందే చేర్చెను. 1779లో జర్మను పండితుడు బ్లూమెన్‌బాఖు దానికి ప్రత్యేక వర్గము నేర్పఱచెను.

జాతి తెలిసినను, దాని గర్భధారణ రహస్యము తెలియలేదు. ఐరోపాయందలి పెక్కు గబ్బిలములు శరత్కాలమున జతగూడి, చలికాలమంతయు గుహలలో నిద్రించి, వేసవిలో నీనును. అంత చిన్నప్రాణికి అంత దీర్ఘమైన గర్భమేల? 1859లో పాగెన్‌ష్టెఖరను శాస్త్రజ్ఞుడు చలికాలపు ఆడుగబ్బిలము గర్భాశయమున మగబీజములు నిలిచియుండుట గాంచెను. అండము వసంతమున మాత్రమే విడుదలయగుననియు, అప్పుడే గర్భము నిలుచుననియు 1879లో బెనెకె, ఐమెరు మొదలగువారు తెలిపిరి.

అయినను, వసంతమున మరల జతగూడుటచేతనే గర్భము కలుగుచుండవచ్చును గదా యను శంక మిగిలెను. 1940వ దశకమున అమెరికాలో విమ్‌సాటు ఆడుగబ్బిలములను మగవాటినుండి వేఱుచేసి, కొన్ని నెలలు చలియందుంచి, పిదప వెచ్చని చోటికి దెచ్చెను. మగతోడు లేకయే యవి గర్భము దాల్చెను. శరత్కాలపు బీజము వసంతమువఱకు సజీవముగ నుండునని దీనిచే రూఢియయ్యెను. పురుగులు సమృద్ధిగ దొరకు కాలమున పిల్లలు పుట్టుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది.

మన మఱ్ఱిచెట్లకు వ్రేలాడు పెద్దగబ్బిలములకు అట్టి శీతనిద్ర లేదు. ఇవి సాధారణముగ వానకాలమున జతగూడి, చలికాలము ముగియుచుండ నీనును. ఏడాది కొక్క ఈత. ఈతకు సాధారణముగ నొక్క పిల్ల. తొలిదినములలో తల్లి యా పిల్లను ఱొమ్మున గఱపించుకొనియే యెగురును.

ఇంత యల్పసంతానము గల ప్రాణిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుకలతోపాటు హానికరజీవుల పట్టికలో వ్రాసెను. ఎలుక యేడాదిలో పలుమాఱు లీనును, ఈతకు పలు పిల్లలను గనును. చచ్చిన యెలుకల కొఱత నెలలలో తీఱును; చచ్చిన గబ్బిలముల కొఱత యేండ్లు గడచినగాని తీఱదు. 2022 నాటి సవరణ యా పట్టికనే తొలగించినది.

చట్టము మాఱినంత మాత్రమున చెట్టు నిలువదు. ఫాల్గుణమాసమున గొడ్డలి యెత్తినచో తల్లియు పిల్లయు నొక్కమాఱే నశించును. రాత్రులందు పూల పుప్పొడిని మోసి, విత్తనములను దూరదూరములకు వెదజల్లు నీ ప్రాణులకు, ఊరి మఱ్ఱియే పురిటియిల్లు. దానిని నిలుపుట మీవంటి పెద్దల మాటపై నాధారపడియున్నది.