తలనొప్పితో ముప్పై అయిదేళ్లు: ఆన్ కాన్వే కథ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు మాత్రం ఉన్నవాణ్ణి. అందుచేత ఒక రోగి చరిత్రే రాస్తున్నాను. దానికి ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు మా సెక్షన్లో టైపిస్టుగా ఒక సోదరి ఉండేది. నెలకు రెండు మూడుసార్లు తలనొప్పి అని అరపూట సెలవు అడిగేది. ఒకనాడు నలుగురిలో "తలనొప్పికి కూడా సెలవేనా అమ్మా?" అన్నాను. ఆమె మారు పలకలేదు. సెలవు చీటీ వెనక్కి తీసుకుంది. సాయంత్రం రికార్డు రూములో బీరువాల వెనక, చీకట్లో, కొంగు తలకు బిగించి కట్టుకుని కూర్చుని ఉండగా చూశాను. చూసి కూడా ఏమీ అనకుండా వచ్చేశాను.

ఇక అసలు కథ. ఆన్ కాన్వే 1631లో లండనులో పుట్టింది. తండ్రి సర్ హెనేజ్ ఫించ్ పార్లమెంటు స్పీకరుగా చేసినవాడు, ఆమె పుట్టడానికి కొద్ది రోజుల ముందే పోయాడు. పన్నెండో ఏట జ్వరం వచ్చి తగ్గింది గాని, దానితో మొదలైన తలనొప్పి మాత్రం తగ్గలేదు. అప్పట్లో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. అందుచేత అన్నగారి గురువైన కేంబ్రిడ్జి పండితుడు హెన్రీ మోర్ ఆమెకు ఉత్తరాల ద్వారా తత్వశాస్త్రం బోధించాడు. 1651లో ఎడ్వర్డ్ కాన్వేతో వివాహమైంది. రెండేళ్ల కొడుకు 1660లో మశూచితో పోయాడు.

ఆమె చూపించుకున్న వైద్యుల పేర్లు వింటే ఆశ్చర్యం వేస్తుంది. శరీరంలో రక్తం ఎలా తిరుగుతుందో కనిపెట్టిన విలియం హార్వే ఒకడు. మెదడు నిర్మాణం మీద గొప్ప గ్రంథం రాసిన థామస్ విల్లిస్ ఇంకొకడు. రక్తం తీశారు, ఊటనీళ్లు తాగించారు, పాదరసం మందు ఇచ్చారు. ఆ పాదరసంతో ప్రాణం మీదికే వచ్చింది. 1656లో పుర్రెకు రంధ్రం చేయించుకుందామని పారిస్ దాకా వెళ్లింది. అక్కడి శస్త్రవైద్యులు అందుకు వెనకాడి, మెడలోని రక్తనాళం కోసి పంపించారు. 1666లో చేత్తో నిమిరి రోగాలు పోగొడతాడని పేరుపడ్డ వాలెంటైన్ గ్రేట్‌రేక్స్‌ను ఐర్లండు నుంచి పిలిపించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాలామంది ఆయన చేత నయమైందన్నారు. ఆమెకు మాత్రం కాలేదు. విల్లిస్ 1672లో అచ్చువేసిన పుస్తకంలో పేరు చెప్పకుండా ఈమె జబ్బును వర్ణించాడు. అది నేడు మనం మైగ్రేన్ అంటున్నదేనని చాలామంది అభిప్రాయం. అన్నేళ్ల కిందటి రోగికి ఇప్పుడు రోగనిర్ణయం చేయడం కష్టమనుకోండి.

నన్ను ఆపింది ఆ తరువాతి భాగం. 1670లో ఫ్రాన్సిస్ మెర్క్యురీ వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు రాగ్లీలోని ఆమె ఇంటికి వచ్చాడు. ఆయనా నయం చేయలేకపోయాడు. కాని మిగతావాళ్లలా మందు పారలేదని వెళ్లిపోలేదు. ఆమె పోయేవరకు, తొమ్మిదేళ్లు, ఆ ఇంట్లోనే ఉండి చదువులోనూ చర్చలోనూ తోడుగా నిలిచాడు.

అదే కాలంలో క్వేకర్లతో పరిచయం కలిగింది. మౌనంగా కూర్చుని ప్రార్థించే ఈ శాఖవారిని అప్పటి ప్రభుత్వం వేలాదిగా జైళ్లలో పెట్టింది. గొప్పింటి ఆడది వాళ్లతో కలవడమేమిటని గురువు మోర్ నొచ్చుకున్నాడు. అప్పుడు ఆమె ఇచ్చిన జవాబు ఉత్తరాల్లో మిగిలింది. సారాంశం ఇది: వీళ్లు కష్టం అనుభవించినవాళ్లు. తమకు దొరికిన ఊరటను ఇతరులకు పంచడం తెలిసినవాళ్లు. నా గదిలో మనిషి అలికిడినే ఓర్చుకోలేను, కాని వీళ్లు నిశ్శబ్దంగా ఉంటారు, అందుకే నాకు కావాలి. తన పరిచారికలుగా కూడా క్వేకరు స్త్రీలనే పెట్టుకుంది.

ఆమె 1679లో, 47వ ఏట కన్నుమూసింది. రాసుకున్న తత్వగ్రంథం 1690లో లాటిన్‌లో పేరు లేకుండా అచ్చయింది. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దాన్ని మెచ్చుకున్నాడు.

మన వైద్యులు ఈ జబ్బును అర్ధావభేదకం అన్నారు, పెద్దవాళ్లు పార్శ్వపునొప్పి అని శొంఠి పట్టు వేసేవారు. మైగ్రేన్ రోగులకు సంఘం బ్రిటన్‌లో 1958లో గాని రాలేదు. 1991లో సుమట్రిప్టాన్ మందు, 2018లో ఈ జబ్బు కోసమే తయారైన ఇంజెక్షన్లు వచ్చాయి. అయినా అందరికీ అన్నీ పనిచేయవు. ఇంట్లో ఎవరికైనా ఉంటే దీపం ఆర్పి, టీవీ కట్టి, ఊదొత్తి తీసేయండి. ఎలా ఉందని గంటకోసారి అడగవద్దు. నొప్పి బిళ్లలు నెలలో పది పదిహేను రోజులు మింగితే ఆ బిళ్లలే తలనొప్పి తెస్తాయి, అది కనిపెట్టి చెప్పవలసింది పక్కనున్నవాళ్లే. మన వయసువాళ్లకు ఇంకొక మాట: యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలైతే పట్టు వేసుకుని ఊరుకోక డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే ఆ టైపిస్టు సోదరి కనబడింది. పాతమాట ఎత్తి క్షమించమన్నాను. "మీరొక్కరేనా అన్నది, వదిలేయండి సార్" అంది. వయసు మీద పడ్డాక తన నొప్పి చాలావరకు తగ్గిందట, ఇప్పుడు కూతురికి మొదలైందట. ఆన్ కాన్వే సంగతి చెబితే శ్రద్ధగా విని, రాసి ఇవ్వమంది. ఈ సంచిక రెండు ప్రతులు ఆమె చిరునామాకు పంపవలసిందిగా కార్యదర్శిగారికి మనవి. ఒకటి కూతురి అత్తగారింటికి.