హాజరు జామీను



మన పెనుకొండ ప్రాంతపు వృద్ధుల నోట "వానికి నేను పూచీ" యను మాట యిప్పటికిని వినఁబడుచుండును. అందులో రూకల ప్రసక్తి లేదు, కాగితము లేదు. చెప్పినవానిని విన్నవాఁ డెఱిఁగియుండుటయే దాని బలము. నేరము మోపఁబడినవాఁడు విచారణ ముగియువఱకు చెఱలో నుండవలెనా, యింటినుండి వచ్చిపోవచ్చునా యను ప్రశ్న పుట్టినప్పుడెల్ల ఈ పూచీయే మొదట గుర్తునకు వచ్చుచుండెను. అది క్రమముగా ఆస్తిలెక్కగా మాఱిన కథను నేఁడు మనవిచేసెదను.

యాజ్ఞవల్క్యస్మృతి పూచీదారుని "ప్రతిభువు" అనును. మనిషిని హాజరుపఱచుటకు, వాఁడు నమ్మఁదగినవాఁడని చెప్పుటకు, వాని బాకీ తీర్చుటకు అని పూచీని మూఁడు తెఱఁగులుగా విభజించినది. వ్యాజ్యెము నడచునపుడు ఉభయపక్షములనుండియు సమర్థుఁడైన పూచీదారుని గ్రహింపవలెననియు విధించినది. పూచీ దొరకనివాని గతి యేమి? కాత్యాయనుఁడు దానికిని మార్గము చెప్పెను. వానిని కావలిలో నుంచవలెను. పొద్దు గ్రుంకిన పిమ్మట ఆ కావలివాని కూలిని వాఁడే చెల్లింపవలెను! ఎవ్వరును లేనివాఁడే కావలిఖర్చును భరింపవలెనను నియమము చదివినపుడు నాకు నవ్వును జాలియు నొక్కమాఱే కలిగినవి. ఇవి ముఖ్యముగా ఋణాది వ్యవహారములకుఁ జెప్పఁబడినవే యైనను బీదవాని చిక్కు అప్పటినుండియు నున్నదే యని వీనివలనఁ దెలియుచున్నది. ఈ ధర్మశాస్త్రమునే కేతన పదుమూఁడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమను పేర తెనిఁగించెను.

1565లో తళ్లికోట యుద్ధానంతరము తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకుఁ దెచ్చెను. ఆ వైభవము గతించిన పిమ్మట ఈ సీమ అనేక ప్రభుత్వముల చేతులు మాఱినది. కచ్చేరీలలోఁ బారసీకపదములు నిలిచినవి. మనిషిని రప్పించుటకు హాజరు జామీను, సొమ్మునకు మాలు జామీను, నడవడికి ఫేలు జామీను. స్మృతి చెప్పిన మూఁడు తెఱఁగులును దాదాపుగా వేషము మార్చుకొని తిరిగి వచ్చినట్లే కదా!

1800లో నిజాము ఈ మండలములను కుంపిణీవారికి దత్తము చేసెను. తామసు మన్రో 1807 వఱకు వీనికి ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆయన వచ్చునప్పటికి ఈ మండలములలో ఎనుబదిమంది వఱకు పాళెగాండ్రుండిరి. పిమ్మట 1816లో చెన్నపట్టణపు ప్రభుత్వము చేసిన పదునొకండవ రెగ్యులేషను గ్రామపెద్దకుఁ బోలీసు అధికారము నిచ్చెను. పెద్ద నేరము చేసినవానిని పట్టి పైయధికారులకుఁ బంపుట, చిల్లర తగవులు చేసినవానిని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నుంచుట అతని పని. ఆ గ్రామపెద్దకు ముద్దాయి తండ్రి తాతలు తెలియుదురు. పాఱిపోయినచో నే యూరి చుట్టమునింట దాఁగునో కూడ తెలియును. అందువలన నాఁటి యెఱుకను మెచ్చుకొనవచ్చును. కాని అది యందఱికి సమముగా నుండెననుకొనరాదు. అదే రెగ్యులేషను తక్కువ కులములని చెప్పఁబడినవారిని బొండకొయ్యలో బిగించుటకు అనుమతించినది. ఊరి పెద్దల యెఱుకలో ఊరి పక్షపాతమును గలసియే యుండెను.

1861లో వచ్చిన క్రిమినలు ప్రొసీజరు కోడు నేరములను జామీను నీయఁదగినవియు, నీయఁదగనివియు నని విడఁదీసినది. మొదటి తరగతిలో జామీను ముద్దాయి హక్కు. రెండవదానిలో న్యాయాధికారి విచక్షణ. 1898 నాఁటి కోడు జామీను మొత్తము మితిమీరఁగూడదనియుఁ జెప్పినది. శాసనము బాగుగనే యున్నది. కాని పట్టణపు కోర్టులోని న్యాయాధికారి పల్లెవాని నెట్లెఱుఁగును? ఎఱుక లేనిచోట ఆస్తి సాక్ష్యము చెప్పవలసి వచ్చెను. పట్టా, పన్ను రసీదు, తహసీలుదారు కచ్చేరీనుండి ఆస్తి ధ్రువపత్రము! 1984లో మునసబు కరణముల పదవులును రద్దయినవి. ధర్మవరపు నేఁతకూలి యొకఁడు చిల్లర కేసులోఁ జిక్కెననుకొనుఁడు. వానికి మగ్గము యజమానిది, ఇల్లు అద్దెది. వానికై నిలువఁదలఁచిన బావమఱఁదియు వానివంటివాఁడే. మగ్గమాగును, ఇంటఁ బొయ్యి యాగును. కోర్టు వాకిట కూలికి జామీను నిలుచువారు పుట్టినది ఇట్టివారి యవసరమువలననే. ముద్దాయి ముఖమైనను ఎఱుఁగనివాఁడు వానికిఁ బూచీ!

1978లో మోతీరామను తాపీమేస్త్రి కేసు సుప్రీముకోర్టుకు వచ్చినది. మధ్యప్రదేశమున మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరెను. అతని యన్న ఆస్తి వేఱు జిల్లాలో నున్నదని ఆ పూచీని త్రోసివేసెను. జస్టిస్ కృష్ణయ్యరు ఆ మొత్తమును వేయి రూపాయలకుఁ దగ్గించి, సొంత ముచ్చలికపైననే విడుదల చేయుఁడనిరి. దూరదేశమునఁ బట్టుపడిన తెలుఁగువాఁడో తమిళుఁడో అక్కడ ఆస్తిగల పూచీదారు నెక్కడినుండి తెచ్చునని ఆయన ప్రశ్నించిరి. కూలికై బెంగుళూరు పోవు మన హిందూపురము, మడకశిర వారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

రెండవ పక్షమును వినవలెను. ముఠాతగాదాలెఱిఁగిన ఈ సీమలో ముద్దాయి యూరికి తిరిగివచ్చిన రాత్రి సాక్షికి నిద్ర పట్టదు. ఆ భయము కల్పితము కాదు. దానిని తేలికగాఁ జూచు సంస్కర్తలతో నేనేకీభవింపఁజాలను. 2023 సెప్టెంబరులో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రము సొమ్ము జామీనును పూర్తిగా రద్దుచేసినపుడును ఇదే భయము అక్కడఁ బెద్దచర్చ యయ్యెను. కాని సొమ్ము ఈ భయమునకు మందు కాదు. సాక్షిని బెదరింపఁగలవాఁడు సాధారణముగా సొమ్ముగలవాఁడే. వాఁడు మధ్యాహ్నమునకే బయటికి వచ్చును. ఊరిలో నడుగుపెట్టరాదనియు, ఠాణాకు వచ్చి సంతకము చేయవలెననియు కోర్టులు షరతులు పెట్టవచ్చును. మీఱినచో జామీనును రద్దుచేయవచ్చును. జామీను విచారణలో బాధితుల మాటయు వినవలెనని 2022లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. మన రాష్ట్రమునుండి పోయిన గుడికంటి నరసింహులు కేసులో, 1977లో, జామీనును నిరాకరించుట శిక్షగాఁ బరిణమింపరాదని కృష్ణయ్యరే వివరించిరి.

2022 నాఁటి జాతీయ నేరగణాంకములప్రకారము దేశపు జైళ్లలోని ప్రతి నలుగురిలో మువ్వురు తీర్పు పొందనివారే. 2024 జూలై 1వ తేదీనుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితప్రకారము, మునుపెన్నఁడును ఏ నేరమును రుజువుకానివాఁడు గరిష్ఠశిక్షలో మూఁడవవంతు కాలము చెఱలో గడపినచో విడుదలకు అర్హుఁడు; తక్కినవారు సగము గడపవలెను. మరణదండనయో యావజ్జీవమో పడఁగల నేరములకును, పలు కేసులున్నవారికిని ఇది వర్తింపదు. జామీను నీయఁదగిన నేరమున అరెస్టయిన వారములోఁ బూచీ తేలేనివానిని బీదవానిగా నెంచి సొంత ముచ్చలికపై విడువవలెనను నియమము 2005 సవరణమునుండియు నున్నది. మీ యూరివాఁ డెవఁడైన ఆ వారము గడచియు లోపలనే యుండినచో, మండల న్యాయసేవాకమిటీకి ఒక యర్జీ వ్రాసిన చాలును. దానికి రుసుము లేదు.