పాత కటకము – క్రొత్త కెమేరా



క్రొత్త బండి చేయించువాడు గట్టిగానున్న పాత చక్రములను పారవేయడు. కెమేరాల చరిత్రమునందును ఇట్టి విచారమే కలదు.

1959వ సంవత్సరమున జపాను దేశపు నికాన్ సంస్థవారు ‘ఎఫ్’ అను కెమేరాను వెలువరించిరి. అందు కటకమును బిగించు వలయమునకును ఫిల్మునకును నడుమ దూరము 46.5 మిల్లీమీటర్లు. బొమ్మను కంటికి చూపు అద్దము లోపల లేచుచు వ్రాలుచుండుటకు అంత చోటు కావలసెను. 1987లో కానన్ సంస్థవారు తమ వలయమును మార్చగా, పాత కటకములు క్రొత్త కెమేరాలకు పట్టవయ్యెను. నికాన్ వారు తమ వలయమును విడువరైరి.

2018లో వారును అద్దము లేని ‘జెడ్’ కెమేరాలను తెచ్చిరి. దూరము 16 మిల్లీమీటర్లకు తగ్గెను. మిగిలిన 30.5 మిల్లీమీటర్లను ఒక బోలు గొట్టముతో పూరించినచో, పాత కటకము తన పూర్వపు దూరముననే నిలిచి బొమ్మను స్పష్టముగ చూపును. క్రొత్త కటకమును పాత కెమేరాకు బిగించుట మాత్రము సాధ్యము గాదు. లేని చోటును కల్పింపలేము గదా!

నా తండ్రిగారి కడపటి చిత్రమును తీసిన కటకమును అమ్మివేయుమని ఒక వర్తకుడు నాకు బోధించెను. నేను వినలేదు. అది చేతితో త్రిప్పునట్టిది. నేటికిని అట్లే త్రిప్పుచున్నాను. కెమేరాలోని మోటారుచే తిరుగు కటకములు గలవారు మాత్రము ముందుగా విచారించుకొనవలెను. నికాన్ వారి గొట్టమున మోటారు లేదు.

మొన్న ఆ కటకముతోనే నా మనుమని చిత్రమును తీసితిని. తండ్రిగారి పోలిక స్పష్టముగ కనబడినది.