ఏసీకి టన్ను ఎందుకు?
"ఎన్ని టన్నులది కావాలండీ?" ఏసీ కొనడానికి వెళ్తే షాపులో మొదట వినిపించే మాట ఇది. కొత్తవాళ్లు మిషను బరువేమో అనుకుంటారు. కాదు, అది మంచు బరువు. చల్లబరిచే యంత్రాలు రాకముందు అమెరికాలో చలికాలం చెరువుల మీద పేరుకున్న మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో దాచి, వేసవిలో అమ్మేవారు. యంత్రాలొచ్చాక వాటి సత్తానూ జనానికి తెలిసిన మంచుతోనే కొలిచారు. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాగేస్తుందో, అంత లాగే యంత్రం ఒక టన్నుది. అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు. మంచు వ్యాపారం పోయింది, మాట మిగిలింది. నాకు ముచ్చటేసేది అదే.

టన్ను చల్లదనం గురించే చెబుతుంది, కరెంటు బిల్లు గురించి చెప్పదు. అందుకే మన దేశంలో 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ), కరెంటు పొదుపును నక్షత్రాల్లో చూపే స్టార్ లేబుల్‌ను 2006లో తెచ్చింది. ఏసీ లేబుల్ మీది ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. నక్షత్రాలతో పాటు లేబుల్ ఏ ఏడాదిదో తప్పక చూడండి. ప్రమాణం బిగించినప్పుడల్లా నిన్నటి ఐదు నక్షత్రాలు కొత్త లెక్కలో నాలుగో మూడో అవుతాయి.