వాహన ఇన్వర్టరుతో ఎయిర్ కంప్రెసర్

జీపు, వ్యాను వంటి వాహనం బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టరుతో 230 వోల్టుల ఏసీగా మార్చి, దానితో మామూలు ఎయిర్ కంప్రెసర్ నడిపే ఏర్పాటు ఇది. కరెంటు లైను లేని చోట టైర్లకు గాలి కొట్టడానికి, గాలితో పనిచేసే మేకుల గన్ను వాడడానికి పనికొస్తుంది.

కంప్రెసర్ మీద రాసిన హార్స్‌పవర్ ఒక్కటే చూసి ఇన్వర్టరు కొంటే దెబ్బతింటారు. 1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అది మోటారు ఇరుసు దగ్గర దక్కే శక్తి. అంత ఇవ్వడానికి సింగిల్ ఫేజ్ మోటారు సుమారు 1,000 వాట్లు లాగుతుంది. ఇన్వర్టరులో మరో పదోవంతు వేడిగా పోతుంది. బ్యాటరీ దగ్గర లెక్క తేలేసరికి 90 ఆంపియర్లు దాటుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు చాలా కార్లలో 10–20 ఆంపియర్లదే కనుక, ఇన్వర్టరు తీగలను తగిన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే బిగించాలి.

అసలు చిక్కు స్విచ్ వేసిన క్షణంలో ఉంది. ఆగి ఉన్న ఇండక్షన్ మోటారు కదలడానికి, నడిచేటప్పటి కరెంటుకు 5 నుంచి 7 రెట్లు కావాలి. 2,000 వాట్ల ఇన్వర్టరు క్షణకాలం 4,000 వాట్లు మోయగలదని రాసి ఉన్నా, 1 హార్స్‌పవర్ మోటారు ముందు చేతులెత్తేయవచ్చు. దీనికి తోడు తీగ. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 2 మీటర్లు వెళ్లి 2 మీటర్లు తిరిగొస్తే 100 ఆంపియర్లకు దాదాపు అర వోల్టు తగ్గుతుంది. అదే 400 ఆంపియర్లయితే సుమారు 2 వోల్టులు. బ్యాటరీలో చార్జింగ్ నిండుగా ఉన్నా, వోల్టేజీ పడిపోయిందని ఇన్వర్టరు ఆగిపోతుంది. అందుకే తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

కంప్రెసర్ ఆగగానే వినిపించే ‘ఫుస్’ శబ్దాన్ని కూడా గమనించాలి. పిస్టన్ మీద మిగిలిన గాలిని అన్‌లోడర్ వాల్వు వదిలే చప్పుడది. అది రాకపోతే మోటారు తర్వాతిసారి ఆ ఒత్తిడికి ఎదురీదుతూ మొదలవ్వాలి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి మొదలై, నిండి ఆగాక మళ్లీ కదలని కంప్రెసర్లలో ముందుగా చూడవలసింది ఈ వాల్వునే.

ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌ది కావడం మేలు. మెట్లు మెట్లుగా వచ్చే మాడిఫైడ్ వేవ్ మీద మోటారు వేడెక్కి గీపెడుతుంది. ఇంజను నడుస్తూ ఉండాలి, అదీ ఆరుబయట, పొగ వల్ల ప్రమాదం లేకుండా. ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ పూర్తి కరెంటు ఇవ్వదు. ఆ లోటు బ్యాటరీ మీద పడుతుంది.

టైర్ల గాలి ఒక్కటే అవసరమైతే బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ చాలు. ఎయిర్ బ్రేకులున్న లారీలకు ఇంజనే తిప్పే కంప్రెసర్ ముందునుంచే ఉంటుంది. పెద్ద కంప్రెసర్ తప్పనిసరైతే, త్రీ ఫేజ్ మోటారుకు ఫ్రీక్వెన్సీ డ్రైవ్ జతచేసి వేగాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచవచ్చు. అప్పుడు ఆ తొలి కుదుపు చాలావరకు తగ్గుతుంది.