దిమ్మెలూ గద్దెలూ: శంషాబాద్ నుంచి చూస్తే

శంషాబాద్ చుట్టుపక్కల పదిహేనేళ్ల లోపల రెండు పెద్ద గుర్తులు వెలిశాయి. ఒకటి 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయం. దానికి రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. రెండోది ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం. దానికి సమతామూర్తి అని పేరు. మొదటిదాని పేరు మీద అసెంబ్లీ తీర్మానం దాకా పోయిన గొడవ జరిగింది. రెండోదాని ఉత్సవాలు ముగిసిన నెల రోజులకే మేడారం తల్లుల మీద మాటల గొడవ లేచింది. మొదటి గొడవ మాకు సంబంధం లేనట్టుగా నడిచింది. రెండో గొడవ మా తల్లుల గురించే. ఎవరి గుర్తు నిలబెట్టాలి, ఎవరి గుర్తు తీసేయాలి అని పెద్దవాళ్లు వాదించుకునే చోట గిరిజనుల మాట ఎక్కడుంది? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే.

అమెరికాలో ఎవరిని అడిగారు

విగ్రహాలు తీసేయాలా వద్దా అనే వాదన మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. నల్లవాళ్లను బానిసలుగానే ఉంచాలని పోరాడిన దక్షిణ రాష్ట్రాలు ఓడిపోయాయి. ఓడిన సేనాపతి రాబర్ట్ లీ. ఆయన గుర్రమెక్కిన విగ్రహాన్ని వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్ ఊరి పార్కులో పెట్టింది 1924లో, అంటే యుద్ధం అయిపోయిన 59 ఏళ్లకు. అప్పటికి బానిసత్వం చట్టంలో లేదు గానీ నల్లపిల్లలకు వేరే బడి, ప్రయాణంలో వేరే సీట్లు, ఓటు దగ్గర అడ్డంకులు ఉన్నాయి. చనిపోయిన సైనికులను తలుచుకోవడానికి కాదు, బతికున్న నల్లవాళ్లకు వాళ్ల చోటు గుర్తుచేయడానికే ఆ విగ్రహం పెట్టారని తీసేయాలన్నవాళ్లు వాదించారు. అది మా పూర్వీకుల చరిత్ర, చరిత్రను చెరపొద్దు అని ఉంచాలన్నవాళ్లు వాదించారు.

2016లో అక్కడి నల్లజాతి హైస్కూలు విద్యార్థిని ఒకామె విగ్రహం తీసేయాలని అర్జీ పెట్టింది. 2017 ఆగస్టులో తెల్లజాతి దురహంకారులు ఆ ఊళ్లో సభ పెట్టారు. వాళ్లలో ఒకడు ఎదురు నిరసన చేస్తున్నవాళ్ల మీదికి కారు నడిపి ఒక స్త్రీ ప్రాణం తీశాడు. కోర్టు కేసులన్నీ తేలాక 2021 జూలై 10న విగ్రహాన్ని దించారు. 2023లో కరిగించారు.

ఈ కథ మన పత్రికల్లో చాలామంది చదివే ఉంటారు. అదే రోజు అదే ఊళ్లో దించిన ఇంకో విగ్రహం సంగతి మాకు ఇంకా ముఖ్యం. అది 1919లో పెట్టింది. అందులో లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు తెల్ల అన్వేషకులు నిటారుగా నిలబడి దూరంగా చూస్తుంటారు. వాళ్లతో కలిసి నడిచిన షోషోనీ తెగ స్త్రీ సకాజావియా వాళ్ల పక్కన వంగి ఒదిగి ఉంటుంది. దాన్ని తీసేయాలని తీర్మానం చేసే ముందు ఊరి కౌన్సిలు ఆమె వంశంవాళ్లను పిలిపించి అడిగింది. వాళ్లు తీసేయమన్నారు. ఆ తర్వాతే తీర్మానం జరిగింది. లీ విగ్రహం దించడం కన్నా ఆ పిలుపు మాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. చెక్కినప్పుడు అడగని మనుషులను తీసేటప్పుడైనా అడిగారు.

ట్యాంక్‌బండ్ మీద మేము లేము

మన రాష్ట్రంలో విగ్రహాల తగాదా అనగానే 2011 మార్చి 10 గుర్తొస్తుంది. ఆ రోజు మిలియన్ మార్చ్ జరిగింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల్లో ట్యాంక్‌బండ్ మీద వరసగా నిలబెట్టిన ముప్పైకి పైగా విగ్రహాల్లో చాలావాటిని ఆ రోజు పడగొట్టారు. కొన్నిటిని హుస్సేన్‌సాగర్‌లో వేశారు. శ్రీకృష్ణదేవరాయలు, అన్నమయ్య, శ్రీశ్రీ, జాషువా విగ్రహాలు అందులో పోయాయి. తెలంగాణ గడ్డ మీద ఆంధ్ర పెద్దల గుర్తులేమిటని పడగొట్టినవాళ్ల కోపం. కవులను, వాగ్గేయకారులను పడగొట్టడమేమిటని ఎదుటివాళ్ల బాధ. తర్వాత ప్రభుత్వం వాటిని మళ్లీ పెట్టింది.

ఆ కోపానికి కారణం ఉంది. తెలంగాణ రాజధాని నడిబొడ్డున తెలంగాణవాళ్లు తక్కువగా కనిపించడం నిజం. కానీ గుంపు చేతిలో గునపం ఉన్నప్పుడు లెక్క తప్పుతుంది. అంటరానితనం అనుభవించి, దాని మీదే కవిత్వం రాసిన జాషువా కూడా ఆ రోజు నీళ్ల పాలయ్యాడు. ఆయనను కోస్తా కవి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అందుకే రాత్రికి రాత్రి పగలగొట్టే పద్ధతిని మేము సమర్థించం.

అయితే ఆ రోజు నుంచి ఇప్పటిదాకా జరిగిన చర్చంతా ఆంధ్రా ఎంత, తెలంగాణ ఎంత అన్న లెక్క మీదే నడిచింది. గిరిజనులు ఎంత అని ఎవరూ లెక్కపెట్టలేదు. మొదటి వరసలో జోడేఘాట్ లేదు, మేడారం లేదు, నిర్మల్ లేదు. జల్ జంగల్ జమీన్ కోసం నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన కుమ్రం భీంకు ఆ వరసలో చోటు దొరకలేదు. తెలంగాణ ఉద్యమం పెరిగాకనే ఆయన విగ్రహం ట్యాంక్‌బండ్‌కు చేరింది. గోండులు మాత్రం ఏ విగ్రహం కోసమూ ఆగలేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో ఆయనను తలుచుకుంటూనే ఉన్నారు.

గిరిజన పోరాటం అసలే లేదని కూడా అనలేం. అల్లూరి సీతారామరాజు ఆ వరసలో ఉన్నాడు. ఆయన మీద మాకు గౌరవం తక్కువ కాదు. కానీ 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డవాళ్లు మన్యం మనుషులు. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాలకూ, రోడ్డు పనుల్లో వెట్టికీ నలిగినవాళ్లు వాళ్లే. గాం గంటందొర ఆ పోరులో ప్రాణమిచ్చాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర అండమాన్ జైలుకు పోయి, తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఇంత కథ ఉన్న మనుషుల పేర్లు ఊరూరా ఉన్న అల్లూరి విగ్రహాల్లో ఎన్నిటి కింద కనిపిస్తాయి? వందలమంది చేసిన పోరు ఒక్క విల్లంబుల బొమ్మగా మిగిలితే, విల్లు ఎవరిదో పిల్లలకు తెలియదు.

విమానాశ్రయం పేరు, కింద నేల

ఇప్పుడు శంషాబాద్‌కు వద్దాం. బేగంపేటలో పాత విమానాశ్రయం ఉన్నప్పుడు అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ గాంధీ పేరు, దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు ఉండేవి. 2008లో శంషాబాద్‌కు మారినప్పుడు మొత్తానికి రాజీవ్ గాంధీ పేరే పెట్టారు. తెలుగుదేశం పార్టీ అభ్యంతరం చెప్పింది. రాష్ట్రం విడిపోయాక 2014 నవంబరులో కేంద్రం దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడుతున్నట్టు చెప్పింది. తెలంగాణ అసెంబ్లీ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. శంషాబాద్‌లో దేశీయం, అంతర్జాతీయం అన్నీ ఒకే భవనంలో నడుస్తాయి. ఒక కప్పు కింద రెండు పేర్ల కోసం రెండు ప్రభుత్వాలు తగాదా పడ్డాయి.

ఆ కప్పు, ఆ రన్‌వే కలిపి ఐదున్నర వేల ఎకరాలు. అది శంషాబాద్, మామిడిపల్లి లాంటి ఊళ్ల నేల. పొలాలు, పశువులు మేసిన బీళ్లు, దారులు ఉన్న నేల. శంషాబాద్ మండలంలో ఇప్పటికీ లంబాడీ తండాలున్నాయి. పేరు మీద అన్ని మాటలు నడిచినప్పుడు నేల ఇచ్చిన ఊళ్ల పేర్లు ఎంతమంది నోట వినిపించాయి? ప్రయాణికుడికి ఒక నాయకుడి పేరు తెలుస్తుంది. తాను ఏ ఊరి పొలం మీద దిగాడో తెలియదు.

లంబాడీలకు ఇది కొత్త అనుభవం కాదు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సైన్యాల వెంట దక్కన్‌కు వచ్చిన బంజారాల పేరు హైదరాబాద్‌లో ఒక గుట్టకు ఉంది. అదే బంజారాహిల్స్. ఒకప్పుడు అక్కడ వాళ్ల తండాలుండేవి. 1930ల నుంచి నవాబుల భవనాలు, తర్వాత ధనవంతుల బంగళాలు వచ్చాయి. పేరు మిగిలింది, తండా పోయింది. మళ్లీ అదే బంజారాహిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ 2022 సెప్టెంబరు 17న ప్రారంభమయ్యాయి. సంతోషమే. కానీ పేరు నిలిచినంత మాత్రాన మనుషులు నిలిచినట్టు కాదని ఆ గుట్టే చెబుతోంది.

ముచ్చింతల్, మేడారం

2022 ఫిబ్రవరి మొదటి రెండు వారాలు ముచ్చింతల్‌లో ఉత్సవాలు జరిగాయి. 16 నుంచి 19 దాకా మేడారం జాతర జరిగింది. ఒకే నెలలో రెండు రకాల జ్ఞాపకాలు.

ముచ్చింతల్‌లో ఉన్నది పంచలోహ విగ్రహం. చైనా కంపెనీ పోతపోసి పంపిన భాగాలను ఇక్కడ కలిపి నిలబెట్టారు. మేడారంలో విగ్రహమే లేదు. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో కోయ వడ్డెలు తెస్తారు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. గద్దెల మీద కొలువుదీరి, మొక్కులు అందుకుని, నాలుగో రోజు తల్లులు వనంలోకి వెళ్లిపోతారు. తర్వాత రెండేళ్ల దాకా అక్కడ మిగిలేవి గద్దెలే. అయినా కప్పం కట్టమన్న కాకతీయ సైన్యానికి ఎదురునిలిచిన తల్లీబిడ్డల కథ, జంపన్న పేరు మోస్తున్న వాగు కథ ఏ శిలాఫలకం లేకుండానే శతాబ్దాలు దాటి వచ్చింది.

ఆ తర్వాతి నెలలో, వనదేవతల గురించి చిన్నజీయర్ స్వామి మాట్లాడిన వీడియో ఒకటి బయట తిరిగింది. తల్లులను తక్కువ చేశారని ఆదివాసీలు నిరసన తెలిపారు. అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క క్షమాపణ అడిగారు. అవి ఇరవై ఏళ్ల కిందటి మాటలని, ముందూవెనకా తీసేసి చూపిస్తున్నారని స్వామి వివరణ ఇచ్చారు. ఆ వివరణను పక్కన పెట్టి మేము మాట్లాడటం లేదు. రామానుజులు తిరుకోష్టియూర్ గోపురం ఎక్కి, రహస్యంగా ఉంచాల్సిన మంత్రాన్ని అందరికీ వినిపించారని వైష్ణవులే చెప్పుకుంటారు. సమత అనే మాటను ఆ విగ్రహమే నెత్తిన పెట్టుకుంది. అందుకని ఆ మాటతోనే అడుగుతున్నాం: 216 అడుగుల లోహం, భరిణెడు కుంకుమ ఒకే గౌరవానికి అర్హం అవుతాయా, కావా? ఆ విగ్రహాన్ని తీయమని మేము అడగడం లేదు. ఆ సమతలో మా తల్లులకూ చోటుండాలని అడుగుతున్నాం.

మా గుర్తును కూల్చినప్పుడు

చరిత్రను చెరపొద్దు అనే మాట వినగానే మాకు ఇంద్రవెల్లి గుర్తొస్తుంది. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది చనిపోయారని చెప్పింది. ఆదివాసీలు చెప్పే లెక్క అంతకు చాలా రెట్లు. వాళ్ల జ్ఞాపకంగా లేచిన స్తూపాన్ని 1986లో కూల్చేశారు. తర్వాత మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడ నిషేధాజ్ఞలు, పోలీసు కాపలా. తమ చనిపోయినవాళ్లకు దండం పెట్టుకోవడానికి కూడా గోండులు పోలీసులను దాటి పోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి అక్కడ అమరవీరుల స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. నలభై మూడేళ్లు పట్టింది.

అదే ఏడాది మే నెలలో రాష్ట్ర చిహ్నం మార్పు మీద చర్చ వచ్చింది. కాకతీయ తోరణం, చార్మినార్ రాచరికపు గుర్తులని, తీసేయాలని ప్రభుత్వం అనుకుంది. అవి మా గర్వమని ప్రతిపక్షం రోడ్డెక్కింది. ఆ మార్పు వాయిదా పడింది. సమ్మక్కను కొలిచేవాళ్లకు కాకతీయ తోరణం ఏమనిపిస్తుందన్న ప్రశ్న ఆ చర్చ నడిమధ్యలో ఉండాల్సింది. ఓరుగల్లు తోరణం శిల్పుల చేతిపని, దాన్ని కాపాడుకోవాలి. కానీ ప్రభుత్వ కాగితం మీద ముద్ర వేరు. ఆ ముద్ర అందరి తరఫునా మాట్లాడుతుంది.

మేము అడిగేది

ఒకటి, విగ్రహమైనా, పేరైనా, చిహ్నమైనా పెట్టే ముందూ తీసే ముందూ ఆ నేలవాళ్లనూ ఆ చరిత్రలో ఉన్నవాళ్లనూ అడగాలి. భూసేకరణకు గ్రామసభ పెట్టాలని చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చెబుతోంది. జ్ఞాపకానికి కూడా అలాంటి సభ ఉండాలి. షార్లట్స్‌విల్ ఊరి కౌన్సిలు చేయగలిగిన పని మన ప్రభుత్వాలకు కష్టం కాదు.

రెండు, ఉన్న విగ్రహాల కింద పలకలు సరిగా రాయాలి. ఎవరు పెట్టారు, ఏ ఏడు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది ఉండాలి. అల్లూరి పక్కన గంటందొర, మల్లుదొరల పేర్లు రావాలి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ నేల ఏ ఊళ్లదో అందరికీ కనిపించేలా తెలుగులో, ఉర్దూలో, లంబాడీ మాటలో రాసి పెట్టాలి.

మూడు, మా గుర్తుల్లో అన్నీ రాతివి కావు. చిలకలగుట్ట, జంపన్న వాగు, జోడేఘాట్ లోయ, తండాల్లో సేవాలాల్ జెండా, ఇవన్నీ మా దిమ్మెలే. గుట్టను తవ్వితే, వాగును చెరిపితే, అడవిలోకి పోయే దారి మూసేస్తే అది కూడా విగ్రహం కూల్చడమే. కాకపోతే ఆ రోజు కెమెరాలు రావు.

కొత్త పేర్లు, కొత్త విగ్రహాలు ఇంకా వస్తాయి. ఫ్యూచర్ సిటీ మాటలు వింటున్నాం, శంషాబాద్ దాటి దక్షిణంగా నగరం పాకుతూనే ఉంది. అక్కడి చౌరస్తాలకు, మెట్రో స్టేషన్లకు ఎవరో ఒకరి పేరు పెడతారు. ఆ కాగితం మీద సంతకం పడే ముందు తండాకూ గూడేనికీ ఒక మనిషిని పంపి అడగండి.