గీతకు దిగువన

పాలమూరు జిల్లావాడినైన నాకు "రేఖకు దిగువన" అన్న మాట చిన్ననాటినుండీ ఒకే అర్థంలో పరిచయం: దారిద్ర్యరేఖ. అదే మాటను మరొక అర్థంలో వినవలసివస్తుందనీ, దానితోనే నా జీవిక గడుస్తుందనీ జడ్చర్లలో చదువుకొనే రోజుల్లో నేనూహించలేదు. మెయిన్‌ఫ్రేము కంప్యూటర్లపై పనిచేసేవారికి "గీత" అంటే 16 మెగాబైట్ల హద్దు. ఆ హద్దు ఎలా ఏర్పడిందో, దానిని దాటించే పని మన తెలుగువారి చేతికి ఎలా వచ్చిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించింది. వాటిలో రిజిస్టరు వెడల్పు 32 బిట్లు; కానీ మెమరీ చిరునామాకు వాడినవి 24 బిట్లే. వాటితో 1,67,77,216 బైట్లను, అంటే 16 మెగాబైట్లను మాత్రమే గుర్తించగలం. ఆ శ్రేణిలోని మోడల్ 30 ఎనిమిది కిలోబైట్ల మెమరీతో కూడా దొరికేది కనుక ఆనాటికది సముద్రమంత జాగా. చిరునామాలోని పై 8 బిట్లను యంత్రం పట్టించుకొనేది కాదు. ఒక్కొక్క బైటూ ఖరీదైన ఆ కాలంలో ఖాళీగా ఉన్నదానిని ఎవరు వదులుకుంటారు? అసెంబ్లరు ప్రోగ్రామర్లు అందులో తమ గుర్తులు దాచుకోసాగారు.

సముద్రం చెరువైపోవడానికి ఇరవై ఏళ్ళు కూడా పట్టలేదు. 1983లో సిస్టమ్/370-ఎక్స్.ఎ. యంత్రాలతో 31 బిట్ల చిరునామా వాడుకలోకి వచ్చి, హద్దు 2 గిగాబైట్లకు పెరిగింది. 32 కాక 31 ఏమిటి అంటారా? మొట్టమొదటి బిట్టుకు అప్పటికే వేరే కొలువు ఉన్నది. ఉపప్రోగ్రాముకు పంపే చిరునామాల జాబితాలో "ఇదే చివరిది" అని చెప్పడానికి ఆ బిట్టునే వాడేవారు. 2000లో వచ్చిన జడ్-ఆర్కిటెక్చర్‌తో చిరునామా 64 బిట్లయింది.

అయితే ప్రతిసారీ పాత ప్రోగ్రాములు పాత పద్ధతిలోనే నడిచే ఏర్పాటు చేశారు. అది గొప్ప సౌకర్యం; వాయిదా వేయడానికి గొప్ప సాకు కూడా. 1983లో ఆ మార్పు వచ్చేనాటికి ఐ.బి.ఎం. మన దేశంలో లేదు. 1978లోనే వెళ్ళిపోయి, 1992లో టాటాలతో కలిసి తిరిగివచ్చింది. ఆ తరువాత 2000 సంవత్సరపు తేదీల సమస్య పుణ్యమా అని అమీర్‌పేటలో వీధివీధినా కోబాల్, జె.సి.ఎల్. నేర్పే శిక్షణాలయాలు వెలిశాయి. జడ్చర్లనుండి బస్సెక్కి అక్కడికి చేరినవారిలో నేనొకణ్ణి. తేదీలను సరిదిద్దడానికి తెరిచిన పెట్టెల అడుగున, ఏళ్ళ తరబడి వాయిదాపడిన 24 బిట్ల అసెంబ్లరు ప్రోగ్రాములు మాకు దొరికాయి.

వాటిని గీత దాటించడమంటే ఒక్కొక్క పంక్తినీ అనుమానించడమే. పాత పద్ధతిలో ఎల్.ఎ. అనే ఆదేశం పై 8 బిట్లను తుడిచివేసేది; కొత్త పద్ధతిలో ఒక్క బిట్టునే తుడుస్తుంది. బి.ఎ.ఎల్.ఆర్. ఆదేశం తిరుగుచిరునామాతోపాటు పై బైటులో కండిషన్ కోడును కూడా దాచేది; కొత్త పద్ధతిలో దాచదు. దానికోసం ఐ.పి.ఎం. అనే వేరే ఆదేశం వాడాలి. ఫైళ్ళను చదివే డి.సి.బి.ని మాత్రం గీతకు దిగువనే ఉంచాలి. ఇక 64 బిట్లకు పోతే రిజిస్టర్లను దాచే స్థలం 72 బైట్లనుండి 144 బైట్లకు పెరగాలి.

ఒకమారు నేను ఇవన్నీ సరిచూసి, ఒక లెక్కల ప్రోగ్రామును గీత పైకి ఎక్కించాను. పరీక్షలన్నీ నెగ్గింది. కొన్నాళ్ళకు, ఎక్కడా ఆగకుండానే, తప్పుడు మొత్తాలు ఇవ్వసాగింది. మూడు రాత్రుల తరువాత కారణం తెలిసింది. మేము జాగా అడిగిన విధానంలో, అడిగినవాడు ఎక్కడుంటే జాగా కూడా అక్కడే దొరకవచ్చు. ప్రోగ్రాము గీత దాటగానే దాని పట్టిక కూడా దాటింది. ఆ పట్టిక చిరునామాను పాత రచయిత మూడు బైట్లలోనే దాచి, నాలుగో బైటులో ఖాతా రకపు గుర్తు పెట్టుకున్నాడు. పై భాగం తెగిపోయిన చిరునామా గీతకు దిగువన మరెక్కడికో దారి చూపింది. పరీక్షలో పట్టిక గీత దిగువనే పడింది కనుక మాకు తెలియలేదు. అవి ఎవరెవరివో ఖాతాలు. ఆ తప్పు ఇంకొక నెల సాగి ఉంటే?

ఆ పాత రచయితను మనసులో చాలా తిట్టుకున్నాను. తరువాత మా నాన్న గుర్తుకు వచ్చారు. ఆయన బాదేపల్లి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఖాతా పుస్తకంలో అంకెల గడికి ఎడమన మిగిలిన ఖాళీలో, బాకీ తీరినవారికి నిలువుగీత పెట్టేవారు. వందల లెక్కలు లక్షలైనపుడు అంకెలు ఆ ఖాళీలోకి వచ్చాయి. కొత్త గుమాస్తా ఆ నిలువుగీతను ఒకటి అని చదివాడు. మా నాన్నది అజ్ఞానం కాదు, పొదుపు. కాగితం దండగ చేయకూడదని నేర్చిన మనిషి ఆయన. తప్పల్లా, గీత అర్థం ఎక్కడా రాసిపెట్టకపోవడమే.

ప్రోగ్రామును సరిదిద్దాక, శీర్షభాగంలో ఉన్న ఆ పాత రచయిత పొడి అక్షరాలను నేను చెరపలేదు. పై బైటులో ఏముండేదో, దానిని ఎక్కడికి మార్చానో వాటికింద రెండు పంక్తులు రాశాను. రేపు మరొకరు వచ్చి నన్ను తిట్టుకొనేముందు, కనీసం వాటిని చదువుతారు.